మారుతి 800 కార్బురేటర్ ఇంజన్ ఇంటి దగ్గరే దించాలంటే

వనస్థలి_800:

బండి 1994 మారుతి 800. కార్బురేటర్, నాలుగు గేర్లు, ఏసీ లేదు. ఆయిల్ తాగుతోంది, ఎక్సలేటర్ తొక్కితే వెనక నీలంపొగ. నాలుగో గేర్లో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు క్లచ్ జారుతోంది. ఇంజన్ దించి బోరు (సిలిండర్ లోపలి గోడ), పిస్టన్ రింగులు, క్లచ్ అన్నీ ఒకేసారి చేయించాలని ఉంది. దించడం, ఎక్కించడం ఇంటి దగ్గర. బోరు పని బయట.

ఉండేది వనస్థలిపురంలో సొంతిల్లు. పోర్టికో కింద పార్కింగ్ టైల్స్, శ్లాబు ఎత్తు 10 అడుగులు. రింగ్ పానాలు, గోటీ (సాకెట్) సెట్టు, బండితో వచ్చిన జాకీ ఉన్నాయి. ఇంజన్, గేర్‌బాక్స్ కలిపే లాగాలా, విడదీయాలా? గేర్‌బాక్స్ నుంచి ముందు చక్రాలకు వెళ్లే షాఫ్టులు తీయడానికి చక్రం మధ్యలో ఉండే హబ్ నట్లు విప్పాలా? శ్లాబుకు చైన్ పుల్లీ వేలాడదీయొచ్చా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

టాపెట్:

మీరు చెప్పిన రెండింటిలో దేనికైనా ఇంజన్ దించాల్సిందేనని ఇప్పుడే తేల్చలేం. క్లచ్‌కైతే గేర్‌బాక్స్ ఒక్కటి కిందికి దించితే సరిపోతుంది. అంతకన్నా ముందు పెడల్‌కు ఆట (ఖాళీ కదలిక) ఉందో లేదో చూడండి. కేబుల్ లాగిపట్టి ఉంటే కొత్త ప్లేటు వేసినా జారుతుంది.

పొగ ఎప్పుడు వస్తోందన్నది ముఖ్యం. పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పుమని వచ్చి ఆగిపోతే, లేదా ఎక్సలేటర్ వదిలేసి దిగుడులో వచ్చి మళ్లీ తొక్కినప్పుడు ఒక్కసారి వస్తే వాల్వ్ సీళ్లు పోయినట్టు. హెడ్ (సిలిండర్ల పై మూత) ఒక్కటి విప్పితే ఆ పని అయిపోతుంది. తొక్కినంతసేపూ వస్తుంటే రింగులు, బోరు మీద అనుమానం.

తేల్చుకోవడానికి ప్లగ్గు రంధ్రంలో గేజీ పెట్టి కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి) చూడండి. ఇంజన్ వేడెక్కాక ఆపి, మూడు ప్లగ్గులూ తీసేయండి. కాయిల్‌కు వెళ్లే కరెంటు వైరు విప్పండి, లేకపోతే పెట్రోలు ఆవిరి దగ్గర నిప్పురవ్వ పడుతుంది. ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టి, గేజీ ముల్లు పెరగడం ఆగాక రాసుకోండి. ఎక్సలేటర్ తొక్కకుండా తీసిన రీడింగు ఎందుకూ పనికిరాదు, గాలే లోపలికి పోదు. తర్వాత ఒక్కో సిలిండర్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. ఆయిల్ పోశాక బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. మూడింటి మధ్య తేడా 1 కేజీ (చదరపు సెంటీమీటరుకు) దాటకూడదు.

వనస్థలి_800:

కేబుల్ ఆట సరిగానే ఉంది. పొగ తొక్కినంతసేపూ వస్తోంది. కంప్రెషన్ వరుసగా 7.5, 9, 7. ఆయిల్ పోశాక 10, 10.5, 10.

టాపెట్:

అయితే రింగులు, బోరే. హెడ్, సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పి పిస్టన్లు పైకి నెట్టి బండిలోనే రింగులు మార్చే మెకానిక్కులు ఉన్నారు. అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చిన బోరులో కొత్త రింగులు వేస్తే కొన్నాళ్లకే మళ్లీ అదే పొగ. హెడ్ విప్పినప్పుడు బోరు పై అంచు కింద గోరు పెట్టి లాగండి, మెట్టులా తగిలితే బోరు వేయాల్సిందే, అంటే సిలిండర్‌ను కాస్త పెద్దగా కోయాల్సిందే, దానికి బ్లాకు (సిలిండర్లు ఉండే ఇంజన్ దిమ్మ) లేత్‌కు వెళ్లాలి. దించండి.

పన్నెండు_పానా:

రెండూ కలిపే పైకి లాగండి. ఇంజన్‌ను గాల్లో వేలాడదీసి గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టును క్లచ్ ప్లేటులోంచి జారుగా బయటికి తీయడం ఇద్దరికి కూడా కష్టం. నేల మీద పెట్టుకున్నాక విడదీస్తే పది నిమిషాల పని.

ముందు రోజు సాయంత్రం బండి ఒకసారి తిప్పుకొచ్చి, వేడి మీదున్న సైలెన్సర్ పైపు నట్లకు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయండి. ఈ పనిలో మనిషిని ఏడిపించేది ఆ నట్లే. మర్నాడు 12 గోటీతో, ఆరు పలకల గోటీ అయితే మంచిది, ఒక్కసారిగా బలం పెట్టకుండా పావు తిప్పు విప్పి, మళ్లీ బిగించి, మళ్లీ విప్పుతూ రండి. స్టడ్డు విరిగితే అక్కడే డ్రిల్ పెట్టకండి. మానిఫోల్డు(సైలెన్సర్ పైపు తగిలే ఇంజన్ భాగం)తో సహా ఇంజన్ బయటికొచ్చాక బల్ల మీద తీసుకోవచ్చు. తిరిగి బిగించేటప్పుడు ఇత్తడి నట్లు వేయండి, అవి తుప్పుకు పట్టేయవు.

విప్పడం బ్యాటరీ నెగటివ్‌తో మొదలుపెట్టండి. పాజిటివ్ ముందు విప్పితే పానా రెండో కొస బాడీకి తగిలిందంటే షార్టే. తర్వాత పాజిటివ్, బ్యాటరీ, దాని ట్రే. బానెట్ కీళ్ల చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి ఇద్దరు పట్టుకుని దించండి. ఆ గీత లేకపోతే తిరిగి పెట్టినప్పుడు సందులు సమంగా రావడానికి చాలాసేపు తంటాలు పడాలి.

ఇంజన్ చల్లగా ఉండగానే రేడియేటర్ నీళ్లు వదలండి. కూలెంట్ కలిసిన నీళ్లయితే టబ్బులో పట్టి మూత పెట్టండి. తియ్యగా ఉంటుంది, వీధికుక్కలు నాకుతాయి, కిడ్నీలు పోయి చస్తాయి. మోరీలో పోయకండి. తర్వాత ఇంజన్ ఆయిల్, ఆ వెంటనే గేర్ ఆయిల్. చాలామంది గేర్ ఆయిల్ ఎందుకులే అని వదిలేస్తారు. షాఫ్టు బయటికి రాగానే మొత్తం టైల్స్ మీదికి వస్తుంది, ఆ జారుడు మీద బరువెత్తే పని చేయాల్సివస్తుంది.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీయగానే కార్బురేటర్ నోట్లో గుడ్డ కుక్కి టేపు వేయండి. పెట్రోలు పైపులు రెండు: ఒకటి పంపుకు వచ్చేది, ఒకటి ట్యాంకుకు తిరిగెళ్లేది. ఏది ఏదో గుర్తు పెట్టి, కొసల్లో 8 మి.మీ. బోల్టు దూర్చి క్లిప్పు బిగించండి. ఆ రోజు పోర్టికోలో గ్రైండర్, సిగరెట్, తీగ బయటికి కనిపించే చేతి బల్బు ఉండకూడదు. ఈ రబ్బరు పైపులు ఎలాగూ మార్చేయండి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు, 1994 నాటి రబ్బరు దానికోసం తయారైంది కాదు. ఉబ్బి, పగిలి, ఇంజన్ వేడి మీద కారుతుంది.

తర్వాత కేబుళ్లు: ఎక్సలేటర్, చోక్, క్లచ్, గేర్‌బాక్స్ మీద స్పీడోమీటర్. క్లచ్ కేబుల్‌కు ముందు అడ్జస్టర్ నట్టు పూర్తిగా వదులు చేస్తే చేత్తోనే ఊడుతుంది.

వైర్లు: సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, టెంపరేచర్ సెండర్, కార్బురేటర్ సొలినాయిడ్, డిస్ట్రిబ్యూటర్, రివర్స్ లైట్ స్విచ్. ఒక్కోదానికీ పేపర్ టేపు చుట్టి నంబరు వేసి, విప్పకముందే ఫోటో తీసుకోండి. నంబరు పెన్సిల్‌తో రాయండి. మార్కర్ రాత పెట్రోలు చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. డిస్ట్రిబ్యూటర్ మూత, రోటర్ తీసి డబ్బాలో పెట్టేయండి, ఎత్తేటప్పుడు బాడీకి తగిలి పగిలేది అదే. బాడీ నుంచి గేర్‌బాక్స్‌కు వచ్చే ఎర్త్ పట్టీని మర్చిపోవద్దు. రేడియేటర్‌ను ఫ్యానుతో సహా తీసేస్తే ముందు చోటు వస్తుంది, ఫిన్నులూ వంగవు.

కింద నుంచి గేర్ రాడ్డు, దాని పక్కనున్న ఎక్స్‌టెన్షన్ రాడ్డు విప్పాలి. ఆ బోల్టుల బుష్షులు నలిగి ఉంటే కొత్తవి తెచ్చుకోండి. గేరు గిలగిలా ఊగడానికి సగం కారణం అవే.

ఇక షాఫ్టులు. హబ్ నట్టు జోలికి వెళ్లకండి. చక్రం తీసి, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టి ఉంచే చేయి) బాల్ జాయింట్‌ను నకిల్‌కు (చక్రం తగిలే దిమ్మకు) పట్టి ఉంచే బోల్టును పూర్తిగా బయటికి లాగేయండి. అది బాల్ జాయింట్ కాడ మీదున్న గాడిలోంచి పోతుంది కాబట్టి, వదులు చేసినంత మాత్రాన కాడ దిగదు. అది తెలియక సుత్తితో బాది దారాలు పాడు చేస్తారు. స్టెబిలైజర్ బార్ ఆర్మ్‌ను గట్టిగా పట్టి ఉంటుంది, అందుకే పొడవాటి పైపుతో ఆర్మ్‌ను కిందికి నొక్కాలి. నకిల్‌ను బయటికి తిప్పి, గేర్‌బాక్స్‌కూ లోపలి జాయింట్‌కూ మధ్య సందులో చదునైన లివర్ పెట్టి ఒక్క కుదుపు ఇస్తే లోపలి క్లిప్పు వదులుతుంది. షాఫ్టు కడ్డీని పట్టుకుని మాత్రం లాగకండి. లోపలి జాయింట్ విడిపోయి బూటు చిరుగుతుంది. లివర్ కొస ఆయిల్ సీలుకు తగలకూడదు, అయినా కొత్త సీళ్లు రెండు ముందే తెచ్చిపెట్టుకోండి.

రెండు షాఫ్టులూ బయటికొచ్చాక బాల్ జాయింట్లు మళ్లీ నకిల్‌లో దూర్చి బోల్టులు బిగించి, చక్రాలు పెట్టి, బండిని నేల మీదికి దించేయండి. ఇంజన్ ఎత్తేది బండి చక్రాల మీద ఉన్నప్పుడే. కారణం తర్వాత చెబుతాను, ఇప్పటికి మౌంటింగుల (ఇంజన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మల) దగ్గర ఆపుతాను: అవి అన్నిటికన్నా చివర, బరువు గొలుసు మీద పడ్డాకే.

రాణిగంజ్_గొలుసు:

అన్నా, ఫ్యాను కొక్కేనికి మాత్రం కట్టకుండ్రి. అది నాలుగైదు కిలోల ఫ్యానుకు పెట్టింది. శ్లాబుకు డ్రిల్లు కొట్టి యాంకర్ బోల్టు బిగిద్దాం అనుకునుడు ఇంకా డేంజర్. పాత కాంక్రీటుల కిందికి గుంజే బరువుకు అది ఎప్పుడు ఊడుతదో తెల్వదు. ఊడేముందు చెప్పదు గూడ.

మూడు కాళ్ల స్టాండు చేయించుకోండ్రి. 2 అంగుళాల జీఐ పైపు, బి క్లాసు, 10 అడుగులవి మూడు. పైన మూడింటిని కలిపే ప్లేటు, కొక్కెం వెల్డింగ్ షాపుల చేపిచ్చుకోండ్రి. నడిమి నుంచి ఒక్కో కాలు 4 అడుగుల దూరం పెడితే పైకొస 9 అడుగుల మీద నిలవడ్తది, మీ శ్లాబు కిందికి సరిపోతది. కాళ్ల నడుమ 7 అడుగుల దాక జాగ ఉంటది, 800 వెడల్పు 1,440 మి.మీ.నే, అంటే అయిదడుగులు గూడ లేదు. రెండు కాళ్లు బండికి చెరో పక్క, మూడోది ముంగట. పార్కింగ్ టైల్స్ మీద కాళ్లు జారి పరుచుకుపోతయ్, అందుకే మూడు కాళ్లను కింద గొలుసుతోని చుట్టూ కట్టుడు తప్పదు. కాళ్ల కింద రబ్బరు ముక్కలు ఏయుండ్రి.

చైన్ పుల్లీ 1 టన్నుది చాలు, రాణిగంజ్‌ల దొరుకుతది. ఒక నెల పనికి కొనుడెందుకంటే అద్దెకు అడుగుండ్రి. నైలాన్ తాడు వద్దు. సాగుతది, ముడి దగ్గర తెగుతది.

పన్నెండు_పానా:

పై స్టాండు పద్ధతి బాగుంది. దానికి తోడు గొలుసు కట్టడం గురించి. హెడ్‌కు రెండు కొసల్లో ఎత్తే కొక్కేలు ఉంటాయి. పాత రిపేర్లలో ఎవరో తీసేసి ఉంటే 8.8 (బలం గ్రేడు) అని ముద్ర ఉన్న బోల్టు, మందపాటి ప్లేటుతో కొక్కెం చేయించి బిగించండి. కార్బురేటర్ స్టడ్డులకు, ఆల్టర్నేటర్ బ్రాకెట్‌కు కట్టకండి. గొలుసు రెండు కాళ్ల మధ్య కోణం చిన్నగా ఉండాలి. గొలుసు నేలకు 30 డిగ్రీలంత వాలుగా ఉంటే ఒక్కో కాలు మీద మొత్తం ఇంజన్ బరువంత లాగుడు పడుతుంది. అందుకని గొలుసు పొడుగ్గానే వదలండి. గేర్‌బాక్స్ వైపు బరువు ఎక్కువ కాబట్టి ఆ వైపు కాస్త కిందికి వాలి వస్తుంది, అది మంచిదే, అలా వాలితేనే సందులోంచి తప్పుకుంటుంది.

మౌంటింగులు విప్పాక 5 సెంటీమీటర్లు ఎత్తి ఆపండి. చుట్టూ తిరిగి చూడండి. ఏదో ఒకటి ఇంకా తగులుకునే ఉంటుంది, ఎక్కువసార్లు ఎర్త్ పట్టీ గానీ స్పీడోమీటర్ కేబుల్ గానీ. బరువు పోయేకొద్దీ ముందు స్ప్రింగులు సాగి బాడీ కూడా పైకి లేస్తుంది, ఇంజన్ కదలడం లేదేమిటని కంగారుపడి జోరుగా లాగకండి. ఇంజన్ అడుగు ముందు పట్టీ దాటాక ఇంజన్‌ను ఊపకుండా బండినే వెనక్కి నెట్టండి. చక్రాల మీద ఉంచమన్నది దీనికే. నెట్టేటప్పుడు ఒకరు షాఫ్టుల లోపలి కొసలు చేత్తో ఎత్తి పట్టుకోవాలి. చక్రంతో పాటు అవీ తిరుగుతాయి కాబట్టి తీగతో గట్టిగా కట్టేస్తే తీగ మెలిపడి బూటు కోస్తుంది. బండి పక్కకు పోయాక వాటికి ప్లాస్టిక్ కవరు తొడిగి కట్టుకోవచ్చు.

వేలాడుతున్న ఇంజన్ కింద చెయ్యి, కాలు పెట్టొద్దు. షాఫ్టుల పని కోసం బండి ఎత్తినప్పుడు దానితో వచ్చిన జాకీ మీద వదిలేయకండి, స్టాండ్లు రెండు కొనండి. సిమెంటు ఇటుకలు, ముఖ్యంగా బోలు ఇటుకలు, నలగకుండానే ఒక్కసారిగా పగిలిపోతాయి. స్టాండు సిల్లు (తలుపు కింది అంచు) మీదున్న జాకీ పాయింట్ల కిందే ఉండాలి, ఫ్లోర్ రేకు కింద పెడితే లోపలికి పోతుంది.

లేత్_బాలానగర్:

బోరు పని గురించి రెండు ముక్కలు. బ్లాకు ఇచ్చేముందు పిస్టన్లు కొనండి. ఈ ఇంజన్ స్టాండర్డ్ బోరు 68.5 మి.మీ. కొలిచి 0.25 మి.మీ. ఎక్కువ సైజు సరిపోతుందా, 0.50 కావాలా తేల్చుకుని, ఆ సైజు పిస్టన్లు పుత్లీబౌలిలో తెచ్చి బ్లాకుతో పాటు లేత్ వాడికి ఇస్తే, అతను ఒక్కో పిస్టన్‌ను కొలిచి దానికి సరిపడా సందు వదిలి బోరు వేస్తాడు. పిస్టన్ లేకుండా నంబరు చూసి బోరు వేయించుకుంటే వదులో బిగుతో అదృష్టం. ఇంతకుముందు ఎవరైనా బోరు వేయించి ఉన్నారేమో పాత పిస్టన్ నెత్తి మీద అంకె చూడండి.

హెడ్ ఇచ్చేటప్పుడు స్కేలు పెట్టి ఫీలర్‌తో (సందు కొలిచే పలుచటి రేకులతో) చదును చూడమనండి, 0.05 మి.మీ. దాటితే స్కిమ్మింగ్ (పైపొర గీకి చదును చేయడం). బ్లాకు నీళ్ల దారుల్లో తెల్లటి గార ఉంటే, మన బోరుబావి నీళ్లు ఏళ్ల తరబడి పోసిన బండికి ఉండకపోతే ఆశ్చర్యం, రసాయనంతో కడిగించండి. లేకపోతే కొత్త బోరూ వేడికి బిగుసుకుంటుంది. అప్పటి నుంచి డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ తప్ప ఇంకేదీ పోయకండి.

బ్లాకు మీద ఇంజన్ నంబరు ఉన్న చోట గ్రైండర్, ఇసుక బ్లాస్టింగ్ తగలనీయొద్దు. ఆర్సీ రెన్యువల్‌కు వెళ్లినప్పుడు చూసేది ఆ నంబరే. బ్లాకు పనికిరాకుండా పోయి వేరే బ్లాకు వేయాల్సివస్తే బిల్లు, ఆ బ్లాకు ఎక్కడిదో చెప్పే కాగితాలు ఉంచుకుని ఆర్టీయేలో మార్పు నమోదు చేయించుకోవాలి. కాగితాల్లేని బ్లాకు ఎంత చవకగా వచ్చినా వద్దు.

వనస్థలి_800:

చాలా ఉపయోగపడింది. ఎక్కించేటప్పుడు జాగ్రత్త పడాల్సినవి ఏమిటి? దించిన వరుస తిరగేస్తే సరిపోతుందా?

పన్నెండు_పానా:

వరుస తిరగేయడమే, నాలుగు చోట్ల తప్ప.

క్లచ్ ప్లేటు మధ్యకు రావాలి. ప్లాస్టిక్ అలైన్‌మెంట్ పిన్నో, పాత ఇన్‌పుట్ షాఫ్టో దూర్చి, ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. గేర్‌బాక్స్ చేత్తో నెడితే ఇంజన్‌కు పూర్తిగా ఆనాలి. ఆనకపోతే బోల్టులతో లాగకండి, ప్లేటు వంగుతుంది, అల్యూమినియం హౌసింగ్ చీలుతుంది. గేర్‌బాక్స్ బరువు ఒక్క క్షణం కూడా ఆ షాఫ్టు మీద వేలాడకూడదు, కింద చెక్క దిమ్మ పెట్టండి. ఇంజన్ బయట ఉండగానే క్రాంక్ వెనక సీలు, రిలీజ్ బేరింగు మార్చేయండి. చవకవి, తర్వాత మార్చాలంటే మళ్లీ ఇదంతా చేయాలి.

షాఫ్టు లోపలి కొస క్లిప్పు టక్కుమని కూర్చోవాలి. కూర్చున్నాక చేత్తో లాగితే రాకూడదు. సగం కూర్చుని ఉంటే మొదటి మలుపులోనే బయటికి వస్తుంది. గేర్ ఆయిల్ నింపేది ఆ తర్వాతే. మరిచిపోయి నడిపినవాళ్ల గేర్‌బాక్స్ ఎక్కువ దూరం పోదు.

ఎర్త్ పట్టీ, దాని కింద ఇనుము మెరిసేదాకా గీకి బిగించండి. అది లేకపోతే సెల్ఫ్ మోటారు కరెంటు ఎక్సలేటర్, చోక్, క్లచ్ కేబుళ్ల గుండా బాడీకి వెళ్తుంది. సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతుంది, కేబుళ్లు వేడెక్కి లోపలి ప్లాస్టిక్ కరిగి పట్టేస్తాయి. కేబుల్ చెడిందని కొత్తది వేసినా అదే జరుగుతుంది.

మౌంటింగుల బోల్టులు అన్నీ చేత్తో పట్టించాక, బరువంతా వాటి మీద పడనిచ్చి, ఇంజన్‌ను ఒకసారి ఊపి అప్పుడు బిగించండి. గొలుసు మీద ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి ఐడిల్‌లో స్టీరింగ్ వణుకుతుంది. మూడు సిలిండర్ల ఇంజన్‌కు వణుకు ఎలాగూ ఉంది, దానికి ఇంకొంచెం కలపడం దేనికి.

టాపెట్:

మొదటిసారి స్టార్ట్ చేసేముందు ప్లగ్గులు తీసి, కాయిల్ వైరు విప్పి, ఆయిల్ లైటు ఆరేదాకా కొద్దికొద్దిగా సెల్ఫ్ కొట్టండి. ఒక్కసారి అయిదు సెకన్లు మించకుండా, మధ్యలో మోటారు చల్లారనిచ్చి. లైటు ఆరకపోతే ప్లగ్గులు పెట్టొద్దు. ఫిల్టరులో ముందే ఆయిల్ నింపారా, స్విచ్ వైరు పెట్టారా చూడండి. ప్లగ్ వైర్లు 1-3-2 వరుసలో ఉండాలి. స్టార్ట్ అయ్యాక రేడియేటర్ మూత తీసి ఉంచి, థర్మోస్టాట్ తెరుచుకుని పై పైపు వేడెక్కి బుడగలు ఆగేదాకా నీళ్లు పోస్తూ ఉండండి. ఫ్యాను తనంతట తాను తిరగడం చూశాకే గేటు దాటించండి.